‘తర్వాత క్షమాపణ అడుగుదాంలే’ అనుకుని చేసిన పాపానికి క్షమాపణ ఉందా?

వందనాలు బాబూ.

నువ్వు రాసింది ముందు నా మాటల్లో చెబుతాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో నీకు తెలుస్తుంది, ఇదే బాధలో ఉండి చదివే మరొకరికీ పనికొస్తుంది. నాన్నగారు పోయాక ఆనందపురం దగ్గరున్న 200 గజాల స్థలం నీకూ అక్కకూ వచ్చింది. అమ్మగారు అంతకుముందే లేరు. 2021లో ఆ స్థలాన్ని 24 లక్షలకు అమ్మావు. అమ్మేముందు అక్కను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి, వారసుల కాగితమని చెప్పి, రిలీజ్ డీడ్ మీద, అంటే తన వాటా వదులుకుంటున్నానని రాసే కాగితం మీద, సంతకం పెట్టించావు. ‘చదవాలా తమ్ముడూ?’ అని ఆవిడ అడిగితే ‘అక్కర్లేదక్కా, మామూలు కాగితమే’ అన్నావు. వచ్చిన డబ్బంతా నాన్న ఆసుపత్రి అప్పులకే సరిపోయిందని చెప్పావు. ‘పోనీలే, నాన్న రుణం తీరింది కదా’ అని ఆవిడ ఊరుకుంది. అంతకుముందు రాత్రి నువ్వు పడుకుని అనుకున్న మాట కూడా దాచకుండా రాశావు. ‘ఇది తప్పే. తర్వాత దేవుణ్ణి క్షమాపణ అడుగుదాంలే.’

కిందటేడు ఉజ్జీవ సభల్లో హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం 26వ వచనం విన్నప్పటి నుంచి నీకు నిద్ర లేదు. ప్రభు బల్ల దగ్గరికి, అంటే మందిరంలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు, వెళ్లడం మానేశావు. మందిరం కట్టుబడికి 50 వేలు ఇచ్చావు, అయినా మనసు కుదుటపడలేదు. నీ ప్రశ్నలు మూడు. తెలిసి, కావాలని చేసిన పాపానికి క్షమాపణ ఉందా? ఉంటే వందసార్లు అడిగినా సమాధానం ఎందుకు రావడం లేదు? దేవుడు క్షమిస్తే అక్కకు చెప్పడం అవసరమా?

నేను మన విశాఖపట్నంలో 31 ఏళ్లు సంఘ కాపరిగా పనిచేశాను. మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను, చివరిదాకా నిన్ను ఆగమనడం న్యాయం కాదు. ఉంది. కావాలని చేసిన పాపానికి క్షమాపణ ఉంది. ‘తర్వాత అడుగుదాంలే’ అనుకుని చేసినదానికి కూడా ఉంది.

ఇంకో మాట. ‘కొన్ని రాత్రులు ఎందుకు బతకాలి అనిపిస్తోంది’ అని ఒక వాక్యం రాసి, వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయావు. నేను దాన్ని దాటి వెళ్లలేను. ఆ ఆలోచన మళ్లీ వస్తే 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం వారి టెలీ మానస్ సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మన చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడం విశ్వాసం తగ్గడం కాదు. జ్వరమొస్తే కె.జి.హెచ్. ఆసుపత్రికి వెళ్తాం కదా, ఇదీ అంతే. ఈ రోజే నీ భార్యతోనో, నమ్మకమైన ఒక స్నేహితుడితోనో ‘నాకు ఇలా అనిపిస్తోంది’ అని చెప్పు. మిగతాది ఆ తర్వాత చదివినా పర్వాలేదు.

ఇప్పుడు ఆ వచనం. ‘మనము సత్యమునుగూర్చి అనుభవజ్ఞానము పొందిన తరువాత బుద్ధిపూర్వకముగా పాపము చేసినయెడల పాపములకు బలి యికను ఉండదు.’ ఈ ఒక్క వాక్యం చదివి భయపడి నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువమంది దాని కింద మూడు వచనాలు చదవకుండానే వచ్చారు. 29వ వచనంలో ఆ పాపం ఏమిటో రచయితే చెప్పాడు. దేవుని కుమారుణ్ణి కాళ్లతో తొక్కడం, ఆయన రక్తాన్ని అపవిత్రమనుకోవడం, కృపకు మూలమైన ఆత్మను తిరస్కరించడం. హింసకు తట్టుకోలేక క్రీస్తునే వదిలేసి వెళ్లిపోదామని చూస్తున్నవాళ్లకు రాసిన హెచ్చరిక అది. ఆ ఒక్క బలినీ తోసేస్తే పాపాన్ని తీర్చే బలి ఇంకొకటి ఎక్కడా లేదని దాని భావం. నిజంగా విశ్వసించినవాడు అంతదూరం వెళ్తాడా వెళ్లడా అన్నదాని మీద సంఘాల మధ్య వాదం ఉంది, నేను ఇక్కడ దాన్ని తేల్చను. నీకు కావలసిన మాట వరకు అందరూ ఒప్పుకుంటారు. క్షమాపణ కోసం ఏడుస్తున్నవాడు క్షమించేవాణ్ణి కాళ్లతో తొక్కినవాడు కాడు.

మూలంలో గ్రీకు క్రియ ఇంకో సంగతి చెబుతుంది. ఒకసారి చేసి ఆగిపోయిన పని కాదు, చేస్తూ పోవడం అన్న అర్థం అందులో ఉంది. బోధకులు ఈ మాట ఓదార్పు కోసం చెబుతారు, ‘నువ్వు ఒక్కసారే చేశావు కదా, ఇది నీ గురించి కాదు’ అని. నేను నీకు అలా చెప్పలేను బాబూ. సంతకం ఒక్క రోజే పెట్టించావు, నిజమే. కానీ అక్క 12 లక్షలు నీ దగ్గర నిన్నా ఉన్నాయి, ఈ రోజూ ఉన్నాయి. ‘నాన్న అప్పులకే సరిపోయింది’ అన్న అబద్ధాన్ని ఆవిడ ఈ రోజు కూడా నిజమని నమ్ముతోంది. నువ్వు జరిగిపోయిన పాపానికి క్షమాపణ అడుగుతున్నాననుకుంటున్నావు. అది ఇంకా జరిగిపోలేదు. నడుస్తూనే ఉంది. వందసార్లు అడిగినా నీకు సమాధానం రాకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. దేవుడు చెవి మూసుకున్నాడని కాదు. నువ్వు ఒక చేత్తో కన్నీళ్లు తుడుచుకుంటూ రెండో చేత్తో అక్క వాటా పట్టుకుని ఉన్నావు.

‘తర్వాత అడుగుదాంలే’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. నిన్ను అన్నిటికంటే ఎక్కువ కాలుస్తున్నది అదే. తొందరపాటులో పడిపోవడం వేరు, దేవుడి దయను ముందే లెక్కలో వేసుకుని దాని మీద ఆశ పెట్టి పాపం చేయడం వేరు. బైబిలు కూడా ఈ రెంటినీ కలిపేయదు. 19వ కీర్తనలో తెలియక చేసిన తప్పులు ఒక మాట, ‘దురభిమాన పాపములు’ ఇంకో మాట. సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో పొరపాటున చేసినదానికి బలి ఉంది, సాహసించి చేసినవాడికి బలి చెప్పలేదు, వాణ్ణి ప్రజల్లోంచి కొట్టివేయమనే ఉంది. నీ భయం ఊరికే పుట్టింది కాదు, దానికి వాక్యంలో ఆధారం ఉంది. అందుకే ‘దేవుడు ప్రేమామయుడు, ఏం కాదులే’ అని ఎవరో అన్న మాట నీకు ఆనలేదు.

మరి దావీదు సంగతి చూడు. రెండవ సమూయేలు 11వ అధ్యాయం తీసి 14, 15 వచనాలు నెమ్మదిగా చదువు. దావీదు రాజు ఊరియా అనే తన సైనికుడి భార్యతో పాపం చేసి, అది దాచడానికి, ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో పెట్టి వదిలేయమని సేనాపతి యోవాబుకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని ఎవరి చేత పంపాడు? ఊరియా చేతే. తన చావు రాసి ఉన్న కాగితాన్ని ఊరియా మోసుకెళ్లాడు. రాజు ఇచ్చిన కాగితం కదా, అతను విప్పి చదవలేదు. నీ ప్రశ్న చదువుతున్నప్పుడు, ‘చదవాలా తమ్ముడూ?’ అన్న చోట నాకు గుర్తొచ్చింది ఇదే. నిన్ను నొప్పించడానికి కాదు ఇది చెప్పడం. దావీదు చేసింది క్షణికావేశం కాదు, కూర్చుని ఆలోచించి, కలం పట్టి చేశాడు. ఏ జంతువును బలి ఇచ్చినా ధర్మశాస్త్రం ప్రకారం దానికి పరిహారం లేదు. 51వ కీర్తనలో ‘నీవు బలిని కోరువాడవు కావు’ అని అందుకే అనుకుంటాను. అలాంటివాడు ‘నేను పాపము చేసితిని’ అన్నప్పుడు నాతాను ప్రవక్త ఒక్కరోజు కూడా ఆగమనలేదు. ‘నీవు చావకుండునట్లు యెహోవా నీ పాపమును పరిహరించెను’ అన్నాడు. ఒప్పుకోలు ఒక వాక్యం, క్షమాపణ ఒక వాక్యం. మధ్యలో ఇంకేమీ లేదు.

ఆ తర్వాత దావీదు ఇంట్లో జరిగినవి కూడా అదే పుస్తకంలో ఉన్నాయి. క్షమాపణ దొరికింది, ఫలితాలు ఆగలేదు. రెండూ నిజమే.

అదే 51వ కీర్తనలో ‘నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను’ అనే మాట ఉంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరు దీన్ని అడ్డం పెట్టుకుని, ‘పాపం దేవుడి మీదే కదా, మనుషులకు చెప్పడమెందుకు’ అన్నారు. ప్రతి పాపం చివరికి దేవుడికే తగులుతుందని దాని భావం, సందేహం లేదు. కానీ దావీదు ఆ మాట అనేటప్పటికి ఊరియా మట్టిలో ఉన్నాడు. వెళ్లి తలుపు తట్టడానికి ఇల్లు లేదు. నీ అక్క పెందుర్తిలో ఉంది.

నేను ఈ మాటలు పుస్తకంలోంచి తీసి చెప్పడం లేదు. 1985లో నాకు 24 ఏళ్లు. పోర్టు వైపు ఒక రవాణా ఆఫీసులో కూలి లెక్కలు రాసే గుమాస్తాను. అప్పటికే బాప్తిస్మం తీసుకున్నాను, ఆదివారం గాయక బృందంలో పాడేవాణ్ణి. నా కింద 14 మంది కళాసీలు, అంటే సరుకు మోసే కూలీలు. శనివారం సాయంత్రం హాజరు పుస్తకం, అంటే మస్టర్ రోల్‌లో వేలిముద్ర వేసి కూలి తీసుకునేవారు. రాసిన మొత్తం ఒకటి, చేతికిచ్చేది అంతకంటే ఐదు రూపాయలు తక్కువ. ఇంకు ప్యాడ్ నేనే పట్టుకునేవాణ్ణి. వాళ్ల బొటనవేలు నేనే ఒత్తేవాణ్ణి. 32 వారాలు చేశాను. తెలియక చేశానని ఒక్క వారం కూడా అనుకోలేదు. ప్రతి శనివారం రాత్రీ మోకరించి క్షమించమని అడిగేవాణ్ణి, వచ్చే శనివారం మళ్లీ ప్యాడ్ తీసేవాణ్ణి.

ఆ ఉద్యోగం మానేశాక కూడా మూడేళ్లు నా లోపల ఏదో కుళ్లుతూనే ఉంది. 32వ కీర్తనలో ‘నా యెముకలు క్షీణించినవి’ అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. 1989లో ఒకరోజు లేవీయకాండం చదువుతూ ఆరో అధ్యాయం మొదటి ఏడు వచనాల దగ్గర ఆగిపోయాను. బైబిల్లో చాలామంది దాటేసే చోటు అది. పొరుగువాడు నమ్మి అప్పగించిన సొత్తు విషయంలో అబద్ధమాడినవాడు, దోచుకున్నవాడు, దొరికిన వస్తువు దొరకలేదని ఒట్టుపెట్టినవాడు, వీళ్ల గురించి ఉంటుంది. ఇవేవీ పొరపాట్లు కావు చూడు, అన్నీ తెలిసి చేసినవే. అలాంటి పాపానికి అక్కడ దారి ఉంది. తీసుకున్నది మొత్తం తిరిగి ఇవ్వాలి, దాని మీద ఐదో వంతు కలపాలి. ఎవరిదో వాళ్లకే ఇవ్వాలి. బలి అర్పించే రోజునే ఇవ్వాలి. ఆ తర్వాత యాజకుడు ప్రాయశ్చిత్తం చేస్తాడు, వాడికి క్షమాపణ కలుగుతుంది. సంఖ్యాకాండం వాకిలి మూసినట్టు కనిపించిన చోట లేవీయకాండం ఈ కిటికీ తెరిచి ఉంచింది.

లెక్క వేశాను. మనిషికి 160, దాని మీద ఐదో వంతు 32, మొత్తం 192 రూపాయలు. 14 మందికి 2,688. సైకిలు అమ్మాను, మిగతాది అప్పు చేశాను. పదకొండు మంది దొరికారు. ఒకాయన చనిపోతే ఆయన భార్యకు ఇచ్చాను. ఇద్దరు ఎక్కడికి వెళ్లారో ఎవరికీ తెలియలేదు, వాళ్ల డబ్బుతో ఆసుపత్రి బయట రోగుల బంధువులకు అన్నం పెట్టించాను.

కంచరపాలెంలో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లినప్పటి సంగతి చెబుతాను. నోట్లు చేతిలో పెడితే ‘ఇదేటి బాబూ?’ అన్నాడు. ‘మీ కూలి. నేను తినేశాను’ అన్నాను. ఆయన నోట్లు రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘ఐదు రూపాయలు తక్కువ తెస్తే తాగేసొచ్చానని మా ఆడది అనుకునీది. ఎంత సెప్పినా నమ్మీది కాదు’ అన్నాడు. లోపలికి కేకేసి భార్యను పిలిచాడు. ‘ఆ మాట దీనికి నువ్వే సెప్పు’ అన్నాడు. చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన వైపు చూసింది, నా వైపు కాదు. నన్ను క్షమించానని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. వచ్చేటప్పుడు ఆవిడ మంచినీళ్లు ఇచ్చింది.

నేను ఐదు రూపాయలే తీశాననుకున్నాను. ఆయన ఇంట్లో ఆయన మాటకున్న విలువ తీసేశానని ఆ వాకిట్లో నిలబడితే గానీ తెలియలేదు. మూడేళ్ల ప్రార్థనలో ఆ సంగతి ఒక్కసారి కూడా నా నోట రాలేదు, ఎందుకంటే నాకు తెలియదు. అక్కకు ఎందుకు చెప్పాలన్న నీ ప్రశ్నకు నా మొదటి జవాబు ఇదే. నువ్వు ఏం చేశావో నీకు ఇంకా సగమే తెలుసు. మిగతా సగం ఆవిడ దగ్గర ఉంది.

మన తెలుగు బైబిల్లో రెండు మాటలున్నాయి, పశ్చాత్తాపం, మారుమనస్సు. ఈ లేఖనాలను తెలుగులోకి తెచ్చే పని మన ఊళ్లో కూడా జరిగిందని చాలామందికి తెలియదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు అనువదించడానికి పూనుకున్నారు. 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేటప్పటికి ఆ ఇద్దరూ బతికి లేరు. ఆ తర్వాత ఎందరి చేతుల మీదుగానో వచ్చి ఇప్పుడు మన చేతుల్లో ఉన్న బైబిల్లో మత్తయి 27వ అధ్యాయం చూస్తే, యేసును పట్టించిన యూదా ‘పశ్చాత్తాపపడి’ అని ఉంటుంది. మారుమనస్సు పొందాడని ఉండదు. గ్రీకులోనూ అక్కడ వేరే మాటే. చేసినదానికి లోపల కాలిపోవడం ఒకటి, తిరిగి నడవడం ఇంకొకటి. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు చెప్పిన తేడా ఇదే. దైవచిత్తానుసారమైన దుఃఖం మారుమనస్సు వైపు తీసుకెళ్తుంది, లోక సంబంధమైన దుఃఖం మరణం వైపు తీసుకెళ్తుంది. నువ్వు 14 నెలలుగా కాలడంలోనే ఉన్నావు.

యూదా డబ్బు తిరిగి ఇచ్చాడు కదా అని నువ్వు అడగవచ్చు. ముప్పై వెండి నాణేలూ తెచ్చాడు. ఎవరి దగ్గరికి? ఆ నేరంలో పాలు పంచుకున్న ప్రధాన యాజకుల దగ్గరికి. వాళ్లు ‘దానితో మాకేమి, నీవే చూచుకొనుము’ అన్నారు. వెళ్లకూడని చోటికి వెళ్లాడు, యేసు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. శిష్యుడు పేతురు కూడా తెలిసే చేశాడు, ఒట్టుపెట్టుకుని మరీ మూడుసార్లు యేసును ఎరగనన్నాడు. కానీ గట్టు మీద ప్రభువు కనబడగానే పడవ కూడా ఆగక సముద్రంలో దూకాడు. అక్కడ బొగ్గుల నిప్పు ఉందని యోహాను రాశాడు. ఎరగనన్న రాత్రి పేతురు చలి కాచుకున్నదీ బొగ్గుల నిప్పు దగ్గరే. అవమానం జరిగిన చోటు లాంటి చోటికే ప్రభువు అతన్ని మళ్లీ తెచ్చి, ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని మూడుసార్లు అడిగి, తన గొర్రెలను, అంటే తన ప్రజలను, అప్పగించాడు.

ఇక్కడే నీ 50 వేల గురించి ఒక కష్టమైన మాట చెప్పాలి. మందిరానికి ఇచ్చావు, మనసు తేలిక కాలేదు. ఎలా అవుతుంది? అది నీ డబ్బు కాదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అక్క సొమ్ము తీసుకెళ్లి దేవుడికి కానుక వేశావు. ఆ కవరు అందుకున్న కాపరిని నేను తప్పుపట్టను, ఆయనకు తెలియదు. కానీ నేను కాపరిగా ఉన్నన్నాళ్లూ ఉన్నట్టుండి పెద్ద కానుక తెచ్చినవాళ్లను పక్కకు పిలిచి అడిగేవాణ్ణి, ‘అమ్మా, ఎవరికైనా బాకీ ఉన్నావా?’ అని. ఒకరిద్దరు కవరు వెనక్కి తీసుకెళ్లారు. సంఘానికి డబ్బు అవసరమే, అలాంటి డబ్బు మాత్రం కాదు. పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్యను చూడు. తన ఆస్తిలో సగం బీదలకన్నాడు, అన్యాయంగా తీసుకున్నది మాత్రం తీసుకున్నవాళ్లకే, నాలుగంతలు. రెండిటినీ కలపలేదు. నువ్వు మందిరానికి ఇచ్చిన 50 వేలను అక్క లెక్కలో తగ్గించకు.

ఒక అపార్థం రాకూడదు. డబ్బు తిరిగి ఇస్తే దేవుడు క్షమిస్తాడని నేను అనడం లేదు. అలా అయితే డబ్బు లేనివాడి గతేమిటి? సిలువ మీద ఉన్న దొంగ ఎవరికి ఏం తిరిగి ఇవ్వగలిగాడు? యోహాను మొదటి పత్రికలో ‘మన పాపములను మనము ఒప్పుకొనిన యెడల’ అని ఉంది, తీర్చిన యెడల అని లేదు. తీర్చింది క్రీస్తు. జక్కయ్య ఇంటికి ప్రభువు వస్తానన్నది ముందు, నాలుగంతలు ఇస్తానన్నది తర్వాత. ఆ వరస మార్చకూడదు. కానీ ఇవ్వగలిగి కూడా ఇవ్వకుండా క్షమాపణ మాత్రం కావాలనేవాడు ఒప్పుకోలేదన్నమాటే, నోటితో ఎన్నిసార్లు అన్నా. కొండగుడికి వెళ్లే కేథలిక్కు సోదరుల్లో కూడా ఇదే నియమం. పాపసంకీర్తనంలో గురువు పాపవిమోచనం పలికినా, దొంగిలించినది తిరిగి ఇవ్వాల్సిందేనని వాళ్ల బోధ. ఎన్నో విషయాల్లో మాకు పడదు, ఇందులో మాత్రం తేడా లేదు.

పాత సంఘం కూడా ఈ ప్రశ్నతో చాలా నలిగింది. క్రీ.శ. 250లో డేసియస్ చక్రవర్తి అందరూ దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలన్నాడు. కొందరు విశ్వాసులు బలి అర్పించకుండానే డబ్బిచ్చి ఆ దొంగ కాగితం సంపాదించారు. హింస ఆగాక ఏడుస్తూ తిరిగొచ్చారు. నోవేషియన్ అనే పెద్ద వాళ్లను సంఘంలోకి రానివ్వకూడదన్నాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్, రోమ్ బిషప్ కొర్నేలియస్ ఒప్పుకోలేదు. బహిరంగంగా ఒప్పుకుని, మారుమనస్సు కనబరిస్తే చేర్చుకోవాలన్నారు. సంఘం నడిచింది ఆ దారిలోనే.

ఇక చేయాల్సింది. ముందు నీ భార్యకు చెప్పు, ఇంటి డబ్బు కదిలే విషయం ఇది. తర్వాత లెక్క. క్రైస్తవులకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టంలో కొడుకని, కూతురని తేడా లేదు, తల్లిదండ్రులు వీలునామా రాయకుండా పోతే పిల్లలందరికీ సమానం. కాబట్టి 12 లక్షలు అక్కవి. ఐదో వంతు 2 లక్షల 40 వేలు. మొత్తం 14 లక్షల 40 వేలు. ఆ స్థలం ధర ఇప్పుడు పెరిగి ఉంటే, ఆ సంగతి కూడా అక్కతో నువ్వే ఎత్తు. ఐదో వంతు మన వైపు నుంచి మొదలు, అక్కతో బేరానికి హద్దు కాదు. అంతా ఒక్కసారి లేకపోతే కారు అమ్ము, ఉన్నది ఇవ్వు, మిగతాదానికి తేదీలు వేసి నోటు రాసి ఇవ్వు.

ఫోన్లో చెప్పకు. వాట్సాప్‌లో అసలే వద్దు. ఒంటరిగా వెళ్లు. నన్నో, మీ కాపరినో తీసుకెళ్లకు, అయ్యగారి ముందు ఆవిడ ‘క్షమించాను’ అనక తప్పని పరిస్థితి వస్తుంది. వచనంతో మొదలుపెట్టకు. ముందే ఏడవకు. నువ్వు ఏడిస్తే ఆవిడ అక్క కాబట్టి తన బాధ పక్కనపెట్టి నిన్ను ఓదారుస్తుంది, అది రెండోసారి దోచుకోవడం. ‘అప్పుడు పరిస్థితులు అలా ఉన్నాయి’ అనకు. ‘తెలిసే చేశాను’ అను. ఆవిడ అరిస్తే అరవనీ. నెలల తరబడి మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. బావగారు కోర్టుకు వెళ్తానంటే, మోసంతో తీసుకున్న సంతకాన్ని సవాలు చేసే హక్కు ఆవిడకు ఉంది. దాన్ని బతిమాలి ఆపొద్దు. నువ్వూ ఒక వకీలును కలువు, తప్పించుకోవడానికి కాదు, ఏం రావచ్చో తెలుసుకోవడానికి.

‘క్రైస్తవురాలు కదా, నన్ను క్షమించాలి’ అన్న ఆలోచన మనసులో కూడా పెట్టుకోకు. డెబ్భై ఏళ్లమార్లు, అంటే డెబ్భై ఏడులసార్లు, క్షమించమన్న మాట ప్రభువు అన్యాయం జరిగినవాడితో చెప్పాడు. అన్యాయం చేసినవాడు చేతిలో పట్టుకుని చూపించే చీటీ కాదు అది. దేవుడి క్షమాపణ నీకు ఈ రోజే ఉంది. అక్కది ఆవిడ చేతిలో ఉంది, ఎప్పుడు ఇస్తుందో, ఇస్తుందో లేదో ఆవిడ ఇష్టం.

ఇవన్నీ చేశాక కూడా అదే పాపం రోజూ పదిసార్లు గుర్తొచ్చి, మళ్లీ మళ్లీ ఒప్పుకోవాలనిపిస్తే అది మనస్సాక్షి కాకపోవచ్చు, అలసిపోయిన మెదడు కావచ్చు. సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికొచ్చి, ఇంకేదో మర్చిపోయానని మళ్లీ వెళ్లేవాడు. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇప్పుడు మాత్రం నీది ఆ జబ్బు అని నేను అనను. నిద్రకు మందు తీసుకో, కానీ మందు అక్క వాటా తీర్చదు.

బల్ల దగ్గరికి వెళ్లడం మానేశానన్నావు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11:28లో తన్ను తాను పరీక్షించుకుని, ‘ఆలాగు చేసి’ ఆ రొట్టె తినమని ఉంది, పరీక్షించుకుని దూరంగా కూర్చోమని లేదు. మత్తయి 5లో అర్పణను బలిపీఠం దగ్గర వదిలి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించమని ఉంది. ‘వచ్చి’ అన్న మాట కూడా అక్కడే ఉంది. అక్క దగ్గరికి వెళ్లొచ్చాక, ఆవిడ ఏమన్నా సరే, నువ్వు బల్ల దగ్గరికి రా.

ప్రభు బల్ల ఉండే మొదటి ఆదివారానికి ఇంకా తొమ్మిది రోజులుంది. మధురవాడ నుంచి పెందుర్తి ఎంత దూరమో నీకు తెలుసు. వెళ్లేటప్పుడు ఆ రిలీజ్ డీడ్ నకలు ఒకటి తీసుకెళ్లు. డబ్బు కంటే ముందు అది అక్క చేతికివ్వు. కళ్లజోడు తెచ్చుకోమను. మొదటి పేజీ నుంచి చివరి సంతకం వరకు ఆవిడ చదివేదాకా, మధ్యలో ఏమీ మాట్లాడకుండా ఎదురుగా కూర్చో.